నీళ్లు కారని లారీ

1976 జూన్‌లో నన్ను కడప నుంచి విజయవాడకు బదిలీ చేశారు. హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం నోట్లో మాత్రం బ్రేకిన్‌స్పెక్టరు. మా పైన ప్రాంతీయ రవాణా అధికారి, మా కింద అసిస్టెంటు ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో తేల్చి సంతకం పెట్టే బాధ్యత ఇన్‌స్పెక్టరుది. ఆ సంతకం పడిన కాగితాన్ని ఎఫ్.సి. అంటారు. బండి ఆరోగ్యంగా ఉందని ప్రభుత్వం తరఫున ఇచ్చే ధ్రువపత్రం అన్నమాట. అది చేతికి రాకుండా లారీ బస్తా సరుకైనా ఎత్తకూడదు.

బ్రేకిన్‌స్పెక్టరు అనగానే చదివేవారి మనసులో మెదిలే అనుమానం ఏమిటో నాకు తెలుసు. నా గురించి నేను చెప్పుకుంటే ఎవరూ నమ్మరు కాబట్టి ఆ ఊసు వదిలేస్తాను. నాకు ముక్కోపి అని పేరుండేది. అది మాత్రం అబద్ధం కాదు. బళ్లు వరసగా నిలబెట్టించి, ఒక్కోదాని చుట్టూ తిరుగుతూ, బాగాలేని చోట బాగాలేదని మొహం మీదే చెప్పేవాణ్ణి. మాటకి తేనె పూయడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

లారీ ఎలా పుడుతుందో చాలామందికి తెలియదు. కంపెనీ ఇచ్చేది ఇంజను, చక్రాలు, వాటిని కలిపి ఉంచే రెండు పొడవాటి ఇనుప దూలాలు. దీన్ని ఛాసిస్ అంటారు. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు, సరుకు పెట్టుకునే చోటూ ఉండదు. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ వానకీ ఓర్చుకుంటూ ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ నుంచి దాన్ని తోలుకొస్తాడు. దానికి తాత్కాలికంగా ఒక నంబరిస్తారు. ఆ నంబరుకి గడువుంటుంది. గడువు తీరేలోగా బాడీ కట్టించి మా దగ్గరికి తేవాలి. మేం పరీక్షించి బాగుందంటే అసలు నంబరూ, ఎఫ్.సి.యూ వస్తాయి. లారీ బాడీలు కట్టడంలో విజయవాడకు అప్పటికే పెద్ద పేరు. ఎక్కడెక్కడి నుంచో ఛాసిస్‌లు ఇక్కడికి వచ్చి, రంగులు పూసుకుని, పెళ్లికూతుళ్లలా తిరిగి వెళ్లేవి.

ఆ ఏడాది ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ కట్టే పనులు నడుస్తున్నాయి. సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, అన్నీ లారీల మీదే వెళ్లాలి. నాలుగెకరాలున్న ప్రతి రైతూ ఒక లారీ కొంటే బాగుండునని ఆలోచించిన రోజులవి. పేరున్న బాడీ షెడ్లలో ఛాసిస్ పెడితే దసరాదాకా ఆగమనేవారు.

ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన కోటేశ్వరరావుగారు అలా ఆగలేని మనిషి. చెరుకూ వరీ పండించే కుటుంబం. ఇంటిల్లిపాదీ వద్దంటున్నా వినకుండా మొదటి లారీ కొన్నారు. రైల్వే గూడ్సు షెడ్డు నుంచి ఇబ్రహీంపట్నానికి సిమెంటు తోలే పని ఆయనకు ఖాయమైంది. శ్రావణంలో బండి పెట్టకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. తాత్కాలిక నంబరు గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. రెండోసారి పొడిగించే అధికారం మా ఆఫీసులో ఎవరికీ లేదు. షెడ్డు షెడ్డూ తిరిగి, చివరికి భవానీపురంలో రోడ్డు పక్కన బోర్డు కూడా లేని తాటాకు షెడ్డు ముందు ఆగారు. గతిలేక ఆగానని ఆయనే నాతో అన్నారు.

ఆ షెడ్డు నాంచారయ్యది. అతనిది బందరు అవతల సముద్రపొడ్డు. చేపలు పట్టే కుటుంబం. వాళ్లింట్లో తాతల నాటి నుంచి నావలు కట్టే పని ఉంది. ఊళ్లో పని తగ్గాక భార్య ధనలక్ష్మితో విజయవాడ వచ్చాడు. ఆమె భవానీపురంలో చేపలమ్మేది. అతను లారీ బాడీల పని చెయ్యాలనుకున్నాడు. ఏ షెడ్డుకి వెళ్లినా ముందు మా దగ్గర అయిదారేళ్లు చెయ్యమనేవారు. సరే, పెట్టుకోండి అంటే, వయసు ముప్పై అయిదు దాటింది, నీకేం నేర్పుతామనేవారు. కొయ్య పని కొయ్య పనే గదా అంటే నవ్వేవారు.

అందుకని చూసి నేర్చుకుందామనుకున్నాడు. లారీలు ఆగే చోటికి వెళ్లి, డ్రైవర్లు నిద్రపోతుంటే కిందకి దూరి, దారప్పోగుతో కొలతలు తీసుకునేవాడు. ఇంటికొచ్చి తాటిమట్టతో చిన్న లారీలు చేసేవాడు. ఇంకా ఏదో తెలియాలి, ఇంకొకటేదో చూడాలి అనుకుంటూ రెండేళ్లు గడిపేశాడు. తర్వాత ఒకసారి ధనలక్ష్మి నాతో, “లారీల కింద పడుకున్నన్ని రోజులు ఈయన ఇంట్లో పడుకోలేదండీ,” అంది. చివరికి ఆమెకే విసుగొచ్చింది. దిగితేగాని లోతు తెలవదు, ఇంకెన్నాళ్లు ఒడ్డున కూర్చుంటావని నిలదీసింది. ఊళ్లో నావలో ఉన్న వాటా అమ్మేసి, ఆ డబ్బుతో షెడ్డు వేయించింది. ఇక వెనక్కి వెళ్లినా ఆ నావలో వాళ్లకి చోటు లేదు. అన్నదమ్ముల దగ్గర కూలికి వెళ్లాల్సిందే.

ఇలాంటి రెండేళ్లు నాకు బాగా పరిచయం. మా తోడల్లుడు ఒకాయన గుణదలలో ఉండేవారు. పాత టైర్లకి కొత్త రబ్బరు తొడిగే వ్యాపారం పెట్టాలని ఆయన సంకల్పం. పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్త ప్రాజెక్టు రిపోర్టు చూపించేవారు. మెషీన్ల బొమ్మలు, ఎర్ర సిరా గీతలు, అన్నీ ముచ్చటగా ఉండేవి. నేను రిటైరయ్యేనాటికి ఆయన రిపోర్టు మూడో బీరువాలోకి చేరింది. టైరు మాత్రం ఒక్కటి కూడా ఆయన చేతి మీదుగా వెళ్లలేదు.

కోటేశ్వరరావుగారి లారీ బళ్లు పరీక్షించే మా మైదానానికి వచ్చిన రోజు పొద్దున్న వాన వెలిసింది. బండిని దూరం నుంచి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కొయ్య పని చూస్తే కళ్లు చెదిరాయి. చిత్రిక పట్టిన పలకలు అద్దంలా ఉన్నాయి. వెనక సరుకు పెట్టే తొట్టి దగ్గరికి వెళ్లేసరికి నాంచారయ్య ఎదురొచ్చి, లోపలికి చూడమన్నాడు. ఎక్కి చూశాను. మడమ మునిగేంత నీళ్లున్నాయి.

“రాత్రి వానంతా ఇందులోనే ఉందండీ. ఒక్క చుక్క కిందకి కారలేదు,” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

పలకల సందుల్లో దూది కూరి, పైన గుగ్గిలం కలిపిన నూనె పట్టించాడు. నావకి చేసే పద్ధతి అది. “దీన్ని రోడ్డు మీద తోలతావా, బ్యారేజీ దగ్గర కృష్ణలో దింపుతావా?” అన్నాను. చుట్టూ ఉన్న డ్రైవర్లు విరగబడి నవ్వారు. అతను నవ్వలేదు. నీళ్లు లోపలికి రాకూడదు గదండీ అన్నాడు. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి ఎలా పోతాయని అడిగాను. ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది. నావలో అయితే చేతితో తోడేస్తారు. సిమెంటు బస్తాల కింద నీళ్లు నిలిస్తే ఆ బస్తాలు మర్నాటికి బండరాళ్లవుతాయి.

తర్వాత చుట్టూ తిరిగి చూశాను. లైట్లు, హారను, బ్రేకులు బాగున్నాయి. ఒక్కటి మాత్రం ఎక్కడా చూడని విడ్డూరం. మామూలుగా క్యాబిన్‌కీ వెనక తొట్టికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదులుతారు. నాంచారయ్య రెండింటినీ కలిపి ఒకే ముక్కగా కట్టేశాడు. తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచడానికి యూ ఆకారంలో వంచిన బోల్టులు వేస్తారు. అతను అవీ వేశాడు, అవి చాలవేమోనని మధ్యమధ్య ఇనుప పట్టీలు కూడా బిగించాడు. ఎందుకలా అంటే, కొయ్య కదిలిందంటే చచ్చిందేనండీ అన్నాడు. ఆ మాటలో తడుముకోవడం లేదు. తరతరాలుగా ఆ నమ్మకం మీదే వాళ్లు సముద్రంలోకి వెళ్లి తిరిగొచ్చారు.

రూలు ప్రకారం బండిని ఇన్‌స్పెక్టరు స్వయంగా నడిపి చూడాలి. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కోటేశ్వరరావుగారు నా పక్కన ఎక్కారు. నాంచారయ్య వెనక తొట్టిలో నిలబడ్డాడు. కాలవ గట్టు మీది రోడ్డు పట్టుకుని వెళ్లాం. సాఫు రోడ్డు మీద బండి హాయిగా నడిచింది. ఒక తూము దగ్గర రోడ్డు కుంగి ఉంది. కావాలనే ఎడమ వైపు ముందు చక్రాన్ని ఆ గుంటలోకి దింపాను. చక్రం దిగడం, నా వీపు వెనక ఫట్‌మని చప్పుడు రావడం ఒకేసారి జరిగాయి. బండి ఆపి, ఏం విరిగిందో చూద్దామని తలుపు తీయబోయాను. రాలేదు. భుజం పెట్టి తోశాను. అయినా రాలేదు. అటువైపు కోటేశ్వరరావుగారి తలుపూ అంతే.

తలుపు తెరుచుకోని బండికి ప్రమాదం జరిగితే లోపలివాళ్ల గతి ఏమవుతుందో నేను కడపలో కళ్లారా చూశాను. ఆ క్షణంలో నాకు నిజంగా భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. ఖాకీ యూనిఫాంలో కిటికీలోంచి కాళ్లు ముందు పెట్టి దిగాను. గట్టు మీద గేదెలు తోలుకెళ్తున్న ముసలాయన ఆగి మరీ చూశాడు. కోటేశ్వరరావుగారు భారీ మనిషి. కిటికీలో సగం దాకా వచ్చి, ముందుకీ వెనక్కీ కదలకుండా ఆగిపోయారు. ఆయన్ని మళ్లీ లోపలికి తోయడానికి నేనూ నాంచారయ్యా ఇద్దరం కావలసి వచ్చింది. ఆ తర్వాత నాంచారయ్య జాకీ తెచ్చి గుంటలో దిగిన చక్రం పక్కన పెట్టి లేపాడు. బండి మట్టానికి రాగానే తలుపు దానంతటదే వదులైంది. కోటేశ్వరరావుగారు చేత్తో తోస్తే మామూలుగా తెరుచుకుంది. నాంచారయ్య జాకీ వదిలేసి ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు.

మైదానానికి తిరిగొచ్చి తిరస్కరణ కాగితం రాశాను. అందులో లోపాలు మాత్రమే రాయాలి. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఖాళీ లేదు. బాడీని ఛాసిస్‌కి బిగించిన పద్ధతి సరిగా లేదు. నీళ్లు పోయే దారి లేదు. ఈ మూడూ రాసి, గుంటల్లో ఛాసిస్ మెలి తిరుగుతుందని నోటితో కూడా చెప్పి, సంతకం పెట్టాను.

కోటేశ్వరరావుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. బండిని వెంటనే ఆటోనగర్‌లో ఇంకో షెడ్డుకి తోలించి, ఈ కొయ్యంతా పీకించి పొయ్యిలో పెట్టిస్తానన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. గడువు పది రోజులుంది. నాంచారయ్య సంగతి అంతకన్నా అన్యాయం. మొదటి బండి ఇలా వెనక్కి పోయిందంటే, ఆ మాట సాయంత్రానికి ప్రతి షెడ్డులోనూ తిరుగుతుంది. అతనికి ఇంకెవరూ ఛాసిస్ ఇవ్వరు. తాటాకు షెడ్డు అక్కడితో సరి.

ఇలాంటప్పుడు జనం నా కాళ్ల మీద పడేవారు. పెద్దవాళ్ల చేత చెప్పించేవారు. నాంచారయ్య అవేం చెయ్యలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “తెలవక అడుగుతున్నానండీ. ఇనుం గదా, అది మెలి ఎట్టా తిరుగుద్దండీ?” అన్నాడు.

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. ఇన్‌స్పెక్టరు లోపం చెప్పాలి, దిద్దే దారి చెప్పకూడదు. చెబితే రేపు తనే తయారు చేయించిన బండికి తనే సంతకం పెట్టినట్టవుతుంది. అది మంచి నియమం, నేను ఎప్పుడూ దాటలేదు. ప్రశ్న అడిగినవాడికి ఇనుము చూపించకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు.

బండి అడుగు భాగం చూడడానికి మా మైదానంలో సిమెంటు గొయ్యి ఉంది. ఆ రోజే కాగితాల పని మీద బాడీ లేని ఛాసిస్ ఒకటి వచ్చింది. దాన్ని గొయ్యి మీదకి తెప్పించి, ముందు చక్రాల్లో ఒకదాన్ని మందపాటి దుంగ మీదకి ఎక్కించమని డ్రైవరుకి చెప్పాను. నాంచారయ్య గొయ్యిలో దిగాడు. చక్రం దుంగ ఎక్కుతుంటే రెండు ఇనుప దూలాల్లో ఒకటి పైకి లేచింది, రెండోది లేవలేదు. మధ్యలో ఉన్న అడ్డ కమ్మీలు మెలి తిరిగాయి. చక్రం దిగగానే అన్నీ యథాస్థానానికి వచ్చాయి. మళ్లీ ఎక్కించమన్నాడు. డ్రైవరు గొణిగాడు గానీ ఎక్కించాడు. ఈసారి నాంచారయ్య దూలం మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు.

పైకి వచ్చి, నుదుటికి అంటిన గ్రీజు కూడా తుడుచుకోకుండా, “ఇది కుట్టు పడవండీ,” అన్నాడు. నాకు అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. వాళ్ల తాత కాలంలో పలకలకి మేకులు కొట్టేవాళ్లు కాదట. కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లట. ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట ఆ పడవ కాస్త ఒళ్లు వదులుతుంది, అందుకే పగలదు. మేకులు కొట్టిన నావని అక్కడికి తీసుకెళ్తే ముక్కలవుతుంది. “మేం మేకుల నావల్లో పడి అది మర్చేపోయామండీ,” అన్నాడు. పడవల గురించి నాకేమీ తెలియదని, లారీ విషయంలో మాత్రం అతను చెప్పింది నిజమని అన్నాను. ఛాసిస్ మెలి తిరగాలి. పైన బిగించినది దాన్ని తిరగనివ్వాలి. క్యాబిన్ ఒకలా, తొట్టి ఒకలా ఊగాలి. రెండింటినీ ఒకటి చేస్తే ఆ మెలిక అంతా బలహీనమైన చోట తేలుతుంది. ఈ బండిలో బలహీనమైన చోటు తలుపు చట్రం.

కోటేశ్వరరావుగారు పక్కన నిలబడి ఇదంతా విన్నారు. కోపం పూర్తిగా దిగలేదు గానీ, ఎన్ని రోజులు కావాలని అడిగారు. వారంలో అయిపోద్దండీ అన్నాడు నాంచారయ్య. ఆటోనగర్‌లో ఎవరూ వెంటనే చేతులు పెట్టరని ఆయనకీ తెలుసు. “వారం. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో,” అని బండెక్కారు.

ఆ వారం జరిగింది నేను చూడలేదు, తర్వాత విన్నాను. ముందు రంపం పెట్టి క్యాబిన్‌నీ తొట్టినీ విడదీశాడు. ఆ కోత చూడలేక కోటేశ్వరరావుగారు బయటికి వెళ్లి కిళ్లీ వేసుకుని వచ్చారట. కొత్త లారీని రెండుగా కోస్తున్నారని భవానీపురమంతా పాకింది. రోడ్డున పోయే బాడీ షెడ్ల మేస్త్రీలు సైకిళ్లు ఆపి చూడడం మొదలుపెట్టారు. మొదటి రోజు నవ్వారు. రెండో రోజు వాళ్లలో ఒకాయన ఉండబట్టలేక, బోల్టు బిగించే చోట ఇనుముకీ కొయ్యకీ మధ్య గట్టి చెక్కముక్క పెట్టాలి, లేకపోతే కొయ్య నలుగుతుందని చెప్పాడు. ఇంకొకాయన దిగొచ్చి, క్యాబిన్ దగ్గరున్న బోల్టులు కాస్త వదులుగా ఉంచమని, ఎంత వదులో స్పానరు అందుకుని తనే చూపించాడు. రెండేళ్లు షెడ్ల చుట్టూ తిరిగి అడిగితే చెప్పని విషయాలు ఇవి. ఊరికే అడిగేవాడికి ఎవరూ చెప్పరు. కళ్లెదుట తప్పు చేసేవాణ్ణి చూస్తే చెప్పకుండా ఉండలేరు.

తొట్టి అడుగున చిల్లులు పెట్టడం దగ్గర మాత్రం నాంచారయ్య చెయ్యి ఆడలేదట. చేత్తో కట్టినదానికి చేతులారా చిల్లు పెట్టడం మా ఇంటా వంటా లేదని, కొయ్య తొలిచే బర్మా పట్టుకుని కూర్చున్నాడు. అమ్మకం ముగించుకుని వచ్చిన ధనలక్ష్మి గంప దించి, ఆ బర్మా లాక్కుని, మొదటి చిల్లు తనే పెట్టింది. “నీళ్లు పోవాలన్నారు, పోనీ,” అందట. మిగతావి అతను పెట్టాడు.

వారం తిరిగాక బండి మళ్లీ వచ్చింది. ఈసారి ధనలక్ష్మి కూడా వచ్చి మైదానం గేటు దగ్గర నిలబడింది. ఆ బండి పాసు కావాలని నాకు లోపల్లోపల ఉంది. ఇన్‌స్పెక్టరుకి అలాంటి కోరిక ఉండకూడదు. అందుకని మామూలు కన్నా గట్టిగా పరీక్షించాను. ఇసుక బస్తాలు నింపించి, అదే కాలవ గట్టు మీదకి, అదే తూము దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ చక్రం గుంటలోకి దింపాను. చప్పుడు రాలేదు. తలుపు మీద చెయ్యి వేశాను. వేలితో తోస్తే తెరుచుకుంది. వెనక్కి తిప్పుకొచ్చి కుడి చక్రం దింపాను. తెరుచుకుంది. అంతటితో ఊరుకోకుండా ఇబ్రహీంపట్నం దాకా కంకర రోడ్డు మీద తోలాను. దారి పొడుగునా బండి ఎక్కడ కుదిపినా కోటేశ్వరరావుగారి చెయ్యి తలుపు పిడి మీదకి పోయేది.

తిరిగొచ్చి, బస్తాలు దింపించి, తొట్టిలో బిందెలతో నీళ్లు పోయించాను. పోసినవి పోసినట్టే కింద నేల మీదకి కారిపోయాయి. నాంచారయ్య ఆ ధారలు చూడలేక మొహం అటు తిప్పుకున్నాడు. వెనక, లైటు పడితే మెరిసే ఎర్ర బిళ్ల ఒకటి లేదు. అది లేకుండా సంతకం కుదరదన్నాను. ఎవరి సైకిలో అడిగి తీసుకుని బజారుకి వెళ్లి, బిళ్ల తెచ్చి, నా ఎదురుగానే బిగించాడు. నేను సంతకం పెట్టాను.

ఎవరూ కేకలు వెయ్యలేదు. కోటేశ్వరరావుగారు కాగితం రెండుసార్లు చదివి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, శ్రావణం దాటలేదు, అది చాలన్నారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు క్యాబిన్ తలుపు మూశారు, తెరిచారు, మళ్లీ మూశారు. నాంచారయ్య లారీ నీడలో నేల మీద చతికిలబడ్డాడు. పొద్దున్నించి మంచినీళ్లు కూడా ముట్టలేదని ధనలక్ష్మి చెప్పింది. ఆమె తెచ్చిన క్యారియరు విప్పి పెడితే, అన్నమూ చేపల పులుసూ కలుపుకుని, తలెత్తకుండా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. నాకూ ప్రాణం తెరిపిన పడింది. ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఆ రోజు రెండో కాఫీ తెప్పించుకున్నాను. ఎఫ్.సి. ఇచ్చినందుకు కాఫీ తాగడం నా సర్వీసులో అదొక్కసారే.

కొత్తగా పని మొదలుపెట్టబోయే కుర్రవాళ్లు ఇప్పటికీ సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. అన్నీ నేర్చుకున్నాకే దిగమని వాళ్లకి నేను చెప్పను. తాటిమట్ట లారీలు రెండేళ్లలో నేర్పలేనిది తెరుచుకోని తలుపు ఒక్క పూటలో నేర్పడం చూశాను. ఏమీ తెలియకపోయినా ఫరవాలేదని కూడా చెప్పను. ఆ తలుపు సిమెంటు లోడుతో ఇబ్రహీంపట్నం రోడ్డు మీద బిగుసుకుపోయి ఉంటే ఈ కథ నేను ఇలా రాసేవాణ్ణి కాదు. చేసినదాన్ని, లోడు ఎత్తకముందే, మొహమాటం లేకుండా కాదనగలిగే మనిషి దగ్గరికి తీసుకెళ్లమంటాను. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోకుండా ఒక ప్రశ్న అడగమంటాను. నేను చెప్పగలిగింది ఇంతే.

నాంచారయ్య కట్టిన రెండో బాడీని కూడా నేను తిరస్కరించాను. వెనక చక్రాల అవతలికి తొట్టి ఉండాల్సినదానికన్నా పొడవుగా వేలాడింది. అతను కాగితం అందుకుని, “ఇది పోయినసారి రాసిన తప్పేనాండీ?” అని అడిగాడు. కాదు, కొత్తదన్నాను. “అయితే పర్లేదండీ,” అని బండి తోలించుకుని వెళ్లాడు. మూడో బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. రాయడానికి నాకేమీ దొరకలేదు.